తీరం ఉత్తరాలు: లైట్లు ఆర్పేసిన రిసార్టుకి ఎవరొస్తారు?

ఈసారి నాకు అందిన ఉత్తరాలు నాలుగూ సముద్రం గట్టు నుంచి వచ్చినవే. మొదటిదానికి జవాబు పెద్దదయింది. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గార మండలంలో కళింగపట్నం పక్క పల్లె. సముద్రానికి ఎదురుగా నాన్నగారి వాటా నలభై సెంట్లు ఉంది. హైదరాబాద్‌లో హోటల్లో ఏడేళ్ళు పనిచేసి వచ్చేశాను. ఆరు గదులు, చిన్న భోజనశాల కట్టాలని నా కోరిక. ముందున్న ఇసుక దిబ్బ చదును చేస్తే గదుల్లోంచి సముద్రం బాగా కనబడుతుందని మేస్త్రి అంటున్నాడు. మా మావయ్య మాత్రం, అది తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు, అక్కడ లైట్లు వెయ్యకూడదు అంటున్నాడు. లైట్లు ఆర్పేసిన రిసార్టుకి ఎవరొస్తారు? తాబేళ్ళ కోసం మేం బతుకు మానుకోవాలా?

జవాబు: బాబూ, నీ ఆఖరి మాటకి ముందు జవాబు చెప్తాను. బతుకు మానుకోనక్కర్లేదు. నేనూ వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లెలోనే పుట్టాను. మా నాన్న తెప్ప మీద వేటకి పోయేవాడు. అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగేది. ఆ డబ్బుతోనే జంతుశాస్త్రం చదువుకున్నాను, ముప్పై ఏళ్ళు కాలేజీలో అదే చెప్పాను. మన కుర్రాళ్ళు బోట్ల మీద కూలికి చెన్నైకీ, గుజరాత్‌లోని వీరావల్‌కీ పోతున్నారు. ఒకడు వెనక్కొచ్చి ఊళ్ళోనే నలుగురికి పని చూపిస్తానంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మేస్త్రి మాట మాత్రం వినకు.

ఆ దిబ్బ వట్టి ఇసుక కుప్ప కాదు. గాలి మోసుకొచ్చే ఇసుకని చెవులపిల్లి తీగ పట్టి ఆపుతుంది. ఊదారంగు పూలు పూసే ఆ తీగ నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దాని వెనక రావణాసురుని మీసాలు. ఆ ముళ్ళ బంతులు గాలికి దొర్లిపోతుంటే పట్టుకోవడానికి మేం పరుగులు తీసేవాళ్ళం. ఆ వెనక మొగలి పొదలు, తాటిచెట్లు, జీడితోపు. ఈ వరస నిలబడడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, జేసీబీకి ఒక పూట చాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో నీకు గుర్తుండే ఉంటుంది. ఉప్పెన నీటికి మొదట ఎదురు నిలిచేది దిబ్బే. దాన్ని తీసేస్తే నీ గదులకీ, వాటి వెనకున్న ఊరికీ అడ్డు ఉండదు.

చట్టం కూడా ఇదే చెప్తుంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అందరూ సీఆర్‌జెడ్ అనేవి, 1991లో మొదలై 2011లో, 2019లో మారాయి. వీటి ప్రకారం ఇసుక దిబ్బలూ, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లూ అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి జోన్‌లోకి వస్తాయి. పల్లెల్లో పోటు నీళ్ళు ఎక్కే గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్తగా పక్కా కట్టడం కట్టకూడదు. జనం బాగా కిక్కిరిసిన ఊళ్ళకి మాత్రం 2019లో దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. కాబట్టి మొదటి ఇటుక కొనే ముందు, మీ సర్వే నంబరు తీరప్రాంత మ్యాపులో ఎక్కడ పడుతుందో చూపించుకో. గదులు దిబ్బకి వెనకే ఉండాలి. దిబ్బ దాటడానికి చెక్కలతో ఎత్తుగా ఒక నడక దారి వేసుకుంటే చాలు, కింద తీగ తీగలాగే ఉంటుంది.

ఇక లైట్లు. ఇది నేను కళ్ళారా చూసినది.

పదేళ్ళ కిందట, ఉగాది వెళ్ళిన వారంలో, మన జిల్లాలోనే ఒక బీచికి తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్ళాను. అక్కడ కొత్తగా ఒక విడిది కట్టారు. పేరు చెప్పను. ప్రహరీ మీద రెండు ఫ్లడ్ లైట్లు సముద్రం వైపు తిప్పి పెట్టారు. టార్చి వెయ్యకుండానే ఇసుక మీద సన్నటి గీతలు కనబడ్డాయి, అగ్గిపుల్లతో గీసినట్టు. తాబేలు పిల్లలు గూట్లోంచి బయటపడితే ఆ గీతలు విసనకర్రలా విచ్చుకుని నీళ్ళ వైపు పోవాలి. ఆ రోజు అన్నీ ప్రహరీ వైపు పోయాయి. గోడ పక్కన తారురోడ్డు, రోడ్డు మీద అప్పటికే కాకులు. ఒక పిల్లని అరచేతిలోకి తీసుకున్నాను. బొటనవేలంత ఉంది. ఒంటి తడి ఆరిపోయి కళ్ళ చుట్టూ ఇసుక అంటుకుపోయింది. నా చేతిలో ఉన్నంతసేపూ ముందు రెక్కలు గాలిలోనే ఈదుతున్నాయి. బకెట్లో తడి ఇసుక పోసి నేనూ, నాతో వచ్చిన విద్యార్థులూ ఏరడం మొదలుపెట్టాం. బతికున్నవి నలభై మూడు దొరికాయి. చచ్చినవాటిని లెక్కపెట్టడానికి నాకు మనసొప్పలేదు. కాపలావాడు వచ్చి, "నాలుగు రోజులుగా వస్తున్నాయమ్మా, పొద్దున్నే ఊడ్చేస్తున్నాం" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అవి ఏమిటో, ఎటు పోవాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

పిల్లకి సముద్రం దారి చూపించేది వెలుగే బాబూ. రాత్రిపూట నేల వైపు దిబ్బలతో, చెట్లతో నల్లగా ఉంటుంది. నీటి వైపు ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉన్నవైపు పోవాలన్నది దానికి పుట్టుకతో వచ్చిన తెలివి. మనం ఒక్క బల్బు పెడితే ఆ తెలివే దాన్ని చంపుతుంది. తల్లి సంగతీ అంతే. వెలుగూ, సందడీ ఉన్న ఒడ్డుకి వచ్చి కూడా గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరిగి పోతుంది.

అందుకని నిన్ను చీకట్లో హోటల్ నడపమని అనను. జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు ఒక్క దీపం కూడా కనబడకుండా చూసుకో. మిగతా చోట్ల దీపాలు మోకాలి ఎత్తులో, పైన మూతతో, నేల వైపే పడేలా ఉండాలి. తెల్ల లైటు వద్దు. ఎర్రది గానీ ముదురు పసుపుది గానీ పెట్టు, ఆ రంగులు తాబేళ్ళని అంతగా లాగవు. గదుల కిటికీలకి దళసరి తెరలు. ఇసుక మీద మంటలూ, పాటల పెట్టెలూ వద్దు. సరిగ్గా చేశావో లేదో తెలుసుకోవడానికి ఒక పని చెప్తాను. అమావాస్య రాత్రి నీళ్ళ అంచున నిలబడి నీ స్థలానికి వీపు పెట్టు. ఇసుక మీద నీ నీడ పడిందంటే ఇంకా లైటు ఎక్కువే ఉన్నట్టు.

ఎవరొస్తారన్నావు. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లాలో వెలాస్ అని ఒక పల్లె ఉంది. ఒకప్పుడు అక్కడ తాబేలు గుడ్లు తవ్వి తినేసేవాళ్ళు. తర్వాత ఊరివాళ్ళే గూళ్ళు కాపాడడం మొదలుపెట్టారు. ఇప్పుడు తాబేలు పిల్లలు సముద్రంలోకి పోయే రోజుల్లో ముంబై, పుణెల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వస్తాయి. అక్కడ పెద్ద రిసార్టులేమీ లేవు. ఊరివాళ్ళ ఇళ్ళలోనే ఉండి, వాళ్ళు వండినది తిని, పొద్దునా సాయంత్రం గట్టుకి వెళ్ళి చూసి పోతారు. మనకి అంతకంటే ఏం తక్కువ? పగలు చూడ్డానికి శాలిహుండం ఉంది, శ్రీకూర్మం ఉంది, కళింగపట్నం దీపస్తంభం ఉంది. రాత్రి చూడ్డానికి నీ గట్టు మీద నక్షత్రాలున్నాయి, నగరాల్లో అవి ఎక్కడ కనబడుతున్నాయి? నీ చేత్తో కవళ్ళ చేపల పులుసు పెట్టు. అతిథి తన స్నేహితులకి చెప్పేది ఆ చీకటి గురించీ, ఆ పులుసు గురించే.

ఇంకో మాట మర్చిపోయాను. బోరు లోతుగా దించి ఇష్టమొచ్చినట్టు తోడితే ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, నీ బావితోపాటు పక్కవాళ్ళ బావీ పోతుంది. మురుగు వంశధార మొగలోకి వదలకు. రొయ్య పిల్లలూ, చేప పిల్లలూ పెరిగేది ఆ ఉప్పూ మంచీ కలిసే నీళ్ళలోనే.

ప్రశ్న: విజయనగరంలో ఎనిమిదో తరగతికి పాఠాలు చెప్తాను మేడమ్. ఫిబ్రవరిలో అరవైమంది పిల్లల్ని చింతపల్లి బీచికి తీసుకెళ్తున్నాం. తాబేలు పిల్లల్ని చేత్తో పట్టుకుని ఫొటో దిగాలని పిల్లల సరదా. డబ్బిస్తే గూడు తవ్వి చూపిస్తానని ఒకతను అన్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. మన తీరానికి వచ్చే ఈ ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. గూడు తవ్వడం నేరం. అతనికి డబ్బిచ్చి తవ్వించడమూ నేరమే. అదీకాక ఫిబ్రవరిలో తవ్వితే దొరికేవి గుడ్లే. మన తీరానికి తల్లులు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. గుడ్డు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మధ్యలో గుడ్డుని తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

తల్లి గుడ్లు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. పిల్లలకి బస్సులో ఈ సంగతి చెప్పండి, ఫొటో కంటే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. అది వెనక రెక్కలతో తవ్వుతుంది. కళ్ళు ముందుకి, పని వెనక్కి, ఒక్కసారి కూడా తిరిగి చూడదు. ఒక రెక్క దోసిట్లో పట్టినట్టు ఇసుక తోడి పక్కన మెల్లగా పోస్తుంది. వెంటనే రెండో రెక్క అంచున జారబోతున్న ఇసుకని ఒక్క తన్ను తన్నేస్తుంది. మళ్ళీ ఆ రెక్క వంతు. అలా కుండ ఆకారంలో గొయ్యి తయారవుతుంది. అందులో నూరు దాకా గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా. అప్పుడు కళ్ళలోంచి జిగటగా నీరు కారుతుంది. మా అమ్మ దాన్ని చూసి, పురిటి నొప్పికి ఏడుస్తోంది అనేది. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అది అలా బయటికి పంపుతుందని నేను తర్వాత చదువుకున్నాను. అయినా అమ్మ మాట నాకు తప్పనిపించదు. చివరికి ఇసుక కప్పేసి, ఒళ్ళు ఇటూ అటూ ఊపుతూ డొప్పతో దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. దూరాన కూర్చున్నా దబ్బు దబ్బుమని వినబడుతుంది. ఇంకోటి చెప్పండి, ఆ గుడ్డులో ఉన్నది ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి.

పగలు చూడ్డానికి ఎన్నో ఉన్నాయి. పోటు వదిలిపోయిన గీత వెంట పిల్లల్ని నడిపించండి. పదడుగుల చదరం గీయించి, అందులో దొరికిన గవ్వలు ఎన్ని, ప్లాస్టిక్ ముక్కలు ఎన్ని, వల తాళ్ళు ఎన్ని అని రాయించండి. గవ్వలు సంచులకి ఎత్తుకోనివ్వద్దు. ఖాళీ శంఖాల్లో పీతలు కాపురం ఉంటాయి.

భోజనాల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. పులిహోర పొట్లాలూ, బిర్యానీ ఎముకలూ ఇసుకలో పాతి వచ్చేస్తారు చాలామంది. ఆ వాసనకి కుక్కలు అలవాటు పడతాయి. జనం లేని రోజున ఆ కుక్కలే తాబేలు గూళ్ళు తవ్వుతాయి. తెచ్చినదంతా తిరిగి బస్సెక్కాలి. పిల్లల్ని మోకాలి లోతు దాటి దిగనివ్వకండి. మన తీరంలో అల వెనక్కి లాగే చోటు పైకి ప్రశాంతంగానే కనబడుతుంది.

ప్రశ్న: మాది పూసపాటిరేగ మండలం. మేం వేటమీద బతికేవాళ్ళం, నేను డిగ్రీ చదువుతున్నాను. చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఫొటో పేపర్లో వచ్చినప్పుడల్లా అందరూ మమ్మల్నే తిడతారు. మా అన్నది చిన్న ఫైబరు తెప్ప. ఇప్పుడేమో మేం వలలు ఆరబెట్టుకునే చోట పార్కింగ్, నీళ్ళ మీద స్పీడు బోట్లు అంటున్నారు. మా మాట ఎవరైనా అడుగుతారా టీచర్?

జవాబు: అడగరు తల్లీ. అడిగించుకోవాలి. ఈ ఉత్తరం నాలుగు రోజులు నా బల్ల మీదే ఉంది.

ముందు తాబేళ్ళు ఎందుకు చస్తున్నాయో చూద్దాం. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. మరబోటు ట్రాల్ వలని గంటలకొద్దీ అడుగున ఈడ్చితే అందులో చిక్కిన తాబేలు మునిగి చస్తుంది. దీనికి విరుగుడు ఉంది. వలలో ఊచల చట్రం ఒకటి బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న రంధ్రంలోంచి బయటపడుతుంది. మన రాష్ట్రంలో మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదని నిబంధన కూడా ఉంది. తల్లులు గుంపుగా తిరిగేది ఆ లోపలి నీళ్ళలోనే. ఆ రెండూ సరిగ్గా అమలైతే ఒడ్డుకి వచ్చే శవాలు చాలా తగ్గుతాయి. తెప్పల వలలకి ఏ పాపమూ లేదని నేననను. మొగల దగ్గర రాత్రంతా వదిలేసిన వలల్లోనూ చిక్కుతాయి. మా నాన్న వలలో ఒకసారి పడింది. ఆయన వల కోసేశాడు, పసుపు నీళ్ళు చల్లి, "పోయిరా గంగమ్మా" అని దండం పెట్టి వదిలాడు. ఆ వల బాగుచెయ్యడానికి అమ్మా ఆయనా రెండు రోజులు కూర్చున్నారు, ఆ రెండు రోజులూ వేట లేదు. తాబేలుని కాపాడడంలో పేదవాడి చేతి సొమ్ము ఎంత పోతుందో ఫొటో చూసి తిట్టేవాళ్ళకి తెలియదు.

ఇప్పుడు పార్కింగ్. వలలు ఆరే చోటు ఖాళీ జాగా కాదు, అది మీ పని చేసే చోటు. ఒడ్డు మీద నుంచి లాగే అలివి వల లాగాలన్నా, చేపలు ఎండబెట్టాలన్నా, తుఫానుకి తెప్పలు పైకి ఎక్కించాలన్నా అదే కావాలి. కార్లు ఇసుకలోకి దిగితే ఇంకో నష్టం ఉంది. టైరు చాలులో పడిన తాబేలు పిల్ల పైకి ఎక్కలేదు, అందులోనే పోతూ పోతూ ఎండకి మాడిపోతుంది. కాబట్టి మీ వలలకీ, ఆ పిల్లలకీ కావలసింది ఒకటే, బళ్ళు రోడ్డు దాటి దిగకపోవడం. ఊరిసభలో ఈ మాట ఇలాగే పెట్టు.

ఇంకో సంగతి గమనించావా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకీ, ఇంజను తెప్పలకీ వేట నిషేధం. వేసవి సెలవులు ఆ రోజుల్లోనే. గూళ్ళలోంచి పిల్లలు ఇంకా బయటికి వచ్చే రోజులూ అవే. మీ ఇళ్ళలో మగవాళ్ళు ఖాళీగా ఉండే కాలంలోనే గట్టుకి జనం వస్తున్నారు. గూళ్ళ కాపలా, జనాన్ని పదిమంది చొప్పున చీకట్లో తీసుకెళ్ళి దూరం నుంచి చూపించడం, ఇంట్లో ఒక గది ఇచ్చి భోజనం పెట్టడం, ఇవన్నీ మీ ఊరివాళ్ళే చెయ్యగలరు. ఇప్పటికే ఉన్న ఇంటి కొలతలూ రూపమూ మార్చకుండా స్థానికులు అతిథులకి గదులు ఇవ్వచ్చని 2019 నిబంధనల్లోనే ఉంది. స్పీడు బోట్ల డబ్బు బోటు యజమానికి పోతుంది, ఈ డబ్బు మీ అమ్మ చేతికి వస్తుంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా పోతే ఒడిశాలో గంజాం దగ్గర రుషికుల్య నది మొగ. అక్కడ తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇవాళ ఆ గూళ్ళకి కాపలా కాసేవాళ్ళలో చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు ఎందరో. మీ ఊరి ఆడవాళ్ళ సంఘం నుంచి ఇద్దరినీ, తెప్పల వాళ్ళని ఇద్దరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్ళు. బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. పత్రిక ఆఫీసుకి రాయి, నాకు అందుతుంది.

అర్జీ రాసేటప్పుడు "పర్యాటకం వద్దు" అని రాయకు. ఎక్కడ వద్దో, ఎక్కడ కావాలో గీత గీసి రాయి. వలలు ఆరే జాగా, తెప్పలు దిగే జాగా, గూళ్ళు ఉండే జాగా మీ పెద్దవాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళని కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం మీద ఊరి గట్టు బొమ్మ వేయించు. కలెక్టరు గారి బల్ల మీద అలాంటి కాగితం ఉంటే, ఆ జాగాని ఖాళీ అని ఎవరూ రాయలేరు.

ప్రశ్న: శ్రీకూర్మం గుడిలో ఉన్న తాబేళ్ళూ, సముద్రంలోవీ ఒకటేనా? ఒడ్డున దొరికిన తాబేలు పిల్లని మా బాబు ఇంటికి తెచ్చి టబ్బులో వేశాడు. నీళ్ళలో వదిలేస్తే సరిపోతుందా?

జవాబు: ఒకటి కావు. గుడిలో ఉన్నవి నక్షత్ర తాబేళ్ళు. డొప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉంటాయి, కాళ్ళకి గోళ్ళుంటాయి, గడ్డీ ఆకులూ తింటాయి. అవి నేల మీద జీవులు, పుణ్యానికని సముద్రంలో వేస్తే మునిగి చస్తాయి. మీ బాబు తెచ్చిన దానికి కాళ్ళ బదులు రెక్కలుంటే అది సముద్రపుది. దానికి మంచినీళ్ళ టబ్బు పనికిరాదు.

ఈ పత్రిక వచ్చేదాకా ఆగకండి అని మీకు విడిగా కార్డు రాశాను. చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నాను. అటవీశాఖ వాళ్ళకి వెంటనే కబురు చెయ్యండి. వాళ్ళు వచ్చేదాకా పిల్లని తడి ఇసుక పోసిన బకెట్లో, పైన గుడ్డ కప్పి నీడలో ఉంచండి. తిండి పెట్టకండి. చీకటి పడ్డాక వాళ్ళు దాన్ని వదిలేటప్పుడు బాబుని కూడా తీసుకెళ్ళండి. నీళ్ళలో వెయ్యరు, నీటికి కొన్ని గజాల దూరంలో ఇసుక మీద పెడతారు. ఆ కాస్త దూరం అది సొంతంగా నడవాలి. అదే ఆడపిల్లయితే, పెద్దదై గుడ్లు పెట్టడానికి పుట్టిన తీరానికే తిరిగొస్తుంది. అందుకు అది ఏళ్ళ తరబడి పెరగాలి. మీ బాబుకి ఇప్పుడు ఎన్నేళ్ళో రాయలేదు మీరు.